ఆఫీస్ 2021 లైసెన్స్‌ను కొత్త కంప్యూటర్‌కి మార్చిన డైరీ: తెనాలిలోని మా దస్తావేజుల ఆఫీసు

తెనాలిలో నాన్నగారిది దస్తావేజులు రాసే ఆఫీసు. క్రయ దస్తావేజులు, దాన సెటిల్‌మెంట్లు, జీపీఏలు (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీలు) అన్నీ వర్డ్‌లోనే తయారవుతాయి. ఉన్నవి రెండు కంప్యూటర్లు:

మొదటిది 2017లో కొన్నది. 7వ తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. అందులో 2022లో విడిగా కార్డు (లైసెన్స్ కీ, అంటే 25 అక్షరాల కోడ్, ఉన్నది) కొని వేయించుకున్న ఆఫీస్ హోమ్ అండ్ బిజినెస్ 2021 ఉంది.

రెండోది 2018లో కొన్నది. దాంతో పాటే వచ్చిన ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ 2016 ఉంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయింది. ఆఫీస్ 2016కీ అదే తేదీ. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం, ఆ పైన ప్రాసెసర్ ఉండాలి. మా రెండూ ఆ గీతకు ఇవతలే ఆగిపోయాయి. అందుకే ఒక కొత్త డెస్క్‌టాప్ తీసుకున్నాం: 12వ తరం ఐ3, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11.

ఆఫీస్ 2021కి సపోర్టు 2026 అక్టోబర్ 13 వరకు ఉంది. డబ్బు పెట్టి కొన్న లైసెన్స్‌ను ఏడాది ముందే వదిలేయడం నాకు నచ్చలేదు. దాన్ని కొత్తదాంట్లోకి మార్చాలి. పనికి మహాలయ పక్షం, 2025 సెప్టెంబర్ 8 నుంచి 21 వరకు, ఎంచుకున్నాం. ఆ రెండు వారాలు మా దగ్గర రిజిస్ట్రేషన్లు బాగా తగ్గుతాయి. కంప్యూటర్ ఒక రోజు ఆగినా ఎవరి పనీ చెడదు.

దశ 1: ఏ రకం లైసెన్సో తేల్చుకోవడం (సెప్టెంబర్ 6, 7)

పాతదాంట్లో ఏదీ తీసేయకముందే చేయాల్సిన పని ఇది. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితే మన ఇంకో కంప్యూటర్‌కి మార్చుకోవచ్చు. కాకపోతే 90 రోజులకు ఒకసారి మించి మార్చకూడదు, పాత కంప్యూటర్ పాడైపోతే తప్ప. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ కంప్యూటర్‌తోనే పుట్టి దాంతోనే పోతుంది.

1. వర్డ్ తెరిచి ఫైల్ నొక్కి, కింద అకౌంట్‌లోకి వెళ్లండి. ప్రాడక్ట్ పేరు, అది ఏ మెయిల్ ఐడీకి చెందినదో కనిపిస్తాయి. ఫోన్‌తో ఫోటో తీయండి.
2. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి.
3. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో మైక్రోసాఫ్ట్ ఆఫీస్, అందులో ఆఫీస్16 ఫోల్డర్‌లోకి వెళ్లండి. ఆఫీస్ 2021 అయినా ఫోల్డర్ పేరు 16 అనే ఉంటుంది. మీది 32 బిట్ ఆఫీస్ అయితే ఎక్స్86 అని రాసి ఉన్న ప్రోగ్రామ్ ఫైల్స్‌లో చూడాలి. మొదటి కంప్యూటర్‌లో నేను ఇక్కడే పావుగంట పోగొట్టుకున్నాను.
4. ఆ ఫోల్డర్‌లో ఓఎస్‌పీపీ అనే వీబీఎస్ స్క్రిప్టు ఉంటుంది. సీస్క్రిప్ట్ అని కొట్టి, ఆ ఫైలు పేరు ఇచ్చి, చివర స్లాష్ పెట్టి డీస్టేటస్ అని కలిపి కొట్టండి.
5. వచ్చిన దాంట్లో లైసెన్స్ పేరు, లైసెన్స్ స్థితి, కీలోని చివరి 5 అక్షరాలు రాసుకోండి.

మొదటి కంప్యూటర్‌లో రిటైల్ అని వచ్చింది. రెండోదాంట్లో లైసెన్స్ పేరులోనే ఓఈఎం అని ఉంది. పాత బిల్లు తీసి చూస్తే కంప్యూటర్, ఆఫీస్ రెండూ ఒకే వరుసలో, ఒకే ధరలో ఉన్నాయి. అంటే రెండోదాని మీద ఆశ వదులుకోవాలి. ఇంకో సంగతి, హోమ్ అండ్ స్టూడెంట్ లైసెన్స్ వ్యాపార పనికి కాదని దాని షరతుల్లోనే ఉంది. ఇన్నేళ్లూ మేం ఆ షరతులు చదవలేదు. చదవాల్సింది.

ఇక్కడ ఒక అనవసరమైన టెన్షన్ పడ్డాను. స్క్రీన్ మీద వచ్చిన చివరి 5 అక్షరాలకూ, నాన్నగారు బీరువాలో దాచిన కార్డు మీది చివరి 5 అక్షరాలకూ పొంతన లేదు. ఎవరో నకిలీ కీ వేశారేమో అనుకున్నాను. అదేం కాదు. కార్డు మీది 25 అక్షరాల కీ ఒక్కసారి వాడేది, లైసెన్స్‌ను ఒక మైక్రోసాఫ్ట్ ఖాతాలో జమ చేయడానికి. జమ అయ్యాక కంప్యూటర్‌లో కూర్చునే కీ వేరు. కాబట్టి ఆ రెండూ కలవకపోతే కంగారు పడకండి. కార్డు కంటే ఆ ఖాతా ముఖ్యం.

గడిచిన సమయం: 1 గంట 30 నిమిషాలు. ఖర్చు: లేదు.

దశ 2: ఖాతా ఎవరిది? (సెప్టెంబర్ 8 నుంచి 12)

మొత్తం పనిలో ఎక్కువ రోజులు తిన్నది ఇదే.

అకౌంట్ పేజీలో కనిపించిన మెయిల్ ఐడీ నాన్నగారిది కాదు, నాది కాదు. 2022లో కార్డు అమ్మిన షాపులో అప్పటికప్పుడు పుట్టించిన ఐడీ. పాస్‌వర్డ్ ఏ కాగితం మీదా లేదు. మూడేళ్లుగా వర్డ్ తెరుచుకుంటూనే ఉంది కాబట్టి ఎవరికీ అవసరం పడలేదు. మన ఊళ్లలో ఇలా చాలాచోట్ల జరుగుతుందని ఇప్పుడు అడిగితే తెలుస్తోంది. "మీకెందుకు సార్, మేం వేసి ఇస్తాం" అంటారు, మనం సరేనంటాం.

పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కితే, కోడ్ పంపడానికి ఒక ఫోన్ నంబర్‌లో చివరి 2 అంకెలు చూపించి, చివరి 4 అంకెలు కొట్టమంది. బిల్లు మీది షాపు నంబర్ వేశాను, కాదంది. నాన్నగారి పాత నంబర్ వేశాను, కాదంది. అక్కడితో ఆపేశాను. ఊరికే ప్రయత్నిస్తూ పోతే ఖాతా కొంతసేపు తాళం పడే ప్రమాదం ఉంది.

షాపుకి వెళ్లి అడిగితే, ఆ రోజుల్లో ఇన్‌స్టాలేషన్లు చూసిన కుర్రాడు మానేసి గుంటూరులో ఇంకోచోట చేస్తున్నాడని చెప్పారు. నంబర్ ఇచ్చారు. చివరి 2 అంకెలు కలిశాయి! ఫోన్‌లో ఓటీపీ చెప్పమని అడగడం నాకు ఇష్టం లేదు. ఈ రోజుల్లో ఎవరో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకూడదు, చెప్పకపోవడమే సరైన పని. అందుకని బిల్లు, కార్డు పట్టుకుని బండి మీద నేనే వెళ్లాను.

"అన్నా, మీ నాన్నగారి ఆఫీసు నాకు గుర్తే. అప్పట్లో అందరికీ నా నంబరే పెట్టేవాణ్ణి" అన్నాడు. బిల్లు చూశాడు, కోడ్ ఇచ్చాడు. అతని పక్కన కూర్చునే ఈ వరుసలో పని పూర్తి చేశాను:

1. కొత్త పాస్‌వర్డ్ పెట్టాను.
2. సెక్యూరిటీలో ముందు నా నంబర్ చేర్చి, కోడ్‌తో సరిచూసుకున్నాను.
3. ఆ తర్వాతే అతని నంబర్ తీసేశాను. ఈ వరుస తిప్పకండి. కోడ్ అందుకునే దారి ఏదీ చేతిలో లేకుండా పాత వివరాలన్నీ ఒకేసారి మారిస్తే 30 రోజులు ఆగాల్సి వస్తుంది.
4. అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేశాను.

ఇంకో ప్రయత్నం విఫలమైంది. లైసెన్స్‌ను నాన్నగారి సొంత ఖాతాకు మార్చాలనుకున్నాను. ఒక ఖాతాలో జమ అయిన కీని ఇంకో ఖాతాలోకి తరలించే బటన్ నాకు ఎక్కడా దొరకలేదు. దానికి బదులు, అదే ఖాతాకు మన మెయిల్‌ను అదనపు పేరుగా చేర్చి, దాన్నే ముఖ్యమైనదిగా పెట్టుకోవచ్చు. నాన్నగారి జీమెయిల్ ఇస్తే ఒప్పుకోలేదు. ఆ జీమెయిల్‌తో ఇప్పటికే వేరే మైక్రోసాఫ్ట్ ఖాతా ఉంది. ఆఫీసు పేరుతో కొత్త జీమెయిల్ తెరిచి ఇస్తే తీసుకుంది. ఖాతాలో సర్వీసుల పేజీ తెరిస్తే హోమ్ అండ్ బిజినెస్ 2021 అని పేరు, పక్కనే ఇన్‌స్టాల్ బటన్ కనిపించాయి. ఆ కుర్రాడికి ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

ఈ దశకు 3 గంటల 15 నిమిషాలు, పెట్రోలు రూ. 130.
ఇప్పటిదాకా: 4 గంటల 45 నిమిషాలు, రూ. 130.

దశ 3: పాతదాంట్లోంచి తీయడం (సెప్టెంబర్ 13, రెండో శనివారం)

దస్తావేజుల ఫోల్డర్ ఎలాగూ కాపీ చేస్తాం. వర్డ్ లోపల దాక్కున్న వాటినే అందరం మర్చిపోతాం. నాన్నగారికి ఇరవై ఏళ్ల అలవాటు ఒకటుంది. రెండు మూడు అక్షరాలు కొడితే "ఇందు మూలముగా యావన్మందికి" లాంటి పెద్ద వాక్యం దానంతట అదే పడేలా ఆటోకరెక్ట్‌లో పెట్టుకుంటారు. లెక్కపెడితే 214 ఉన్నాయి. అవి పోతే ఆయన చేయి విరిగినట్టే.

రన్ పెట్టెలో శాతం గుర్తుల మధ్య యాప్‌డేటా అని కొడితే తెరుచుకునే ఫోల్డర్‌లో, మైక్రోసాఫ్ట్ కింద ఇవి ఉంటాయి:

1. టెంప్లేట్స్‌లో నార్మల్ అనే టెంప్లేటు.
2. ఆఫీస్‌లో ఎంఎస్‌ఓ 1098 అనే ఏసీఎల్ ఫైలు (ఆటోకరెక్ట్ జాబితా). 1098 అంటే తెలుగు సంఖ్య. ఇంగ్లిష్‌ది 1033 పేరుతో ఉంటుంది.
3. యూప్రూఫ్‌లో కస్టమ్ అనే డిక్షనరీ.

మూడూ కొత్త పెన్ డ్రైవ్‌లోకి వెళ్లాయి. దస్తావేజులు 11,460 ఫైళ్లు. కాపీ అయ్యాక రెండు వైపులా సంఖ్య సరిచూశాను.

తర్వాత పాతదాంట్లో ఆఫీస్ కీ తీసేశాను. అదే ఓఎస్‌పీపీ స్క్రిప్టుకు స్లాష్ పెట్టి అన్‌పీకీ అని, కోలన్ గుర్తు (:), చివరి 5 అక్షరాలు ఇవ్వాలి. ఇలా చేస్తే మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఒక చోటు ఖాళీ అవుతుందని అనుకున్నాను. అలా కాదు. ఈ కమాండ్ ఆ ఒక్క కంప్యూటర్‌లోంచి కీని చెరుపుతుంది, అంతే. సర్వర్‌కి ఏమీ తెలియదు. ఈ తప్పు అంచనా మర్నాడు బయటపడింది. కంట్రోల్ ప్యానెల్ నుంచి ఆఫీస్‌ను కూడా పూర్తిగా తీసేశాను. షరతుల ప్రకారం అది ఎలాగూ చేయాల్సిందే.

ఈ దశకు 2 గంటలు, పెన్ డ్రైవ్ రూ. 450.
ఇప్పటిదాకా: 6 గంటల 45 నిమిషాలు, రూ. 580.

దశ 4: కొత్తదాంట్లో వేయడం, రెండుసార్లు ఆగిపోవడం (సెప్టెంబర్ 14)

కొత్త కంప్యూటర్‌లో ముందే మైక్రోసాఫ్ట్ 365 (చందా కట్టి వాడే ఆఫీస్) ట్రయల్ ఉంది. దాన్ని ముట్టుకోకుండా మా ఖాతాలోంచి 2021 డౌన్‌లోడ్ చేసి వేశాను. మా లైన్‌లో 48 నిమిషాలు పట్టింది. వర్డ్ తెరిస్తే, సైన్ ఇన్ అయినా సరే, సబ్‌స్క్రిప్షన్ కొనమనే తెర వచ్చింది. మూసి తెరిచాను, రీస్టార్ట్ చేశాను, ఖాతా తీసి మళ్లీ పెట్టాను. రెండు గంటలు ఇదే పని.

చివరికి స్క్రిప్టుతో స్థితి చూస్తే రెండు లైసెన్స్‌లు కనిపించాయి: గ్రేస్‌లో (తాత్కాలిక గడువులో) ఉన్న 365, దాని కింద మాది. వర్డ్ మొదటిదాన్ని పట్టుకుని కూర్చుంది. తప్పు నాదే, ట్రయల్‌ను మొదటే తీసేయాలి.

1. రెండు ఆఫీస్‌లనూ తీసేశాను.
2. రీస్టార్ట్ చేశాను.
3. స్థితి చూశాను. 365 కీ ఇంకా మిగిలే ఉంది. అన్‌పీకీతో చెరిపాను.
4. మళ్లీ ఖాతా నుంచి 2021 వేశాను. ఇంకో 45 నిమిషాలు.

ఈసారి పేరు సరిగ్గా వచ్చింది. కానీ యాక్టివేట్ కాలేదు. అనుమతించిన దానికంటే ఎక్కువసార్లు ఈ కీ వాడారనే సందేశం, పక్కన 0ఎక్స్‌సీ004సీ008 అనే కోడ్.

ఎన్నిసార్లు వాడాం? 2022లో మొదటిసారి. 2023లో మదర్‌బోర్డు కాలిపోయి మార్చినప్పుడు రెండోసారి. 2024లో విండోస్ మళ్లీ వేసినప్పుడు మూడోసారి. ఇది నాలుగు. మొదటి మూడూ మా పాత కంప్యూటర్ మీదే, కానీ మదర్‌బోర్డు మారితే అది కొత్త కంప్యూటర్‌గానే లెక్కలోకి పోతుంది. నిన్న కీ చెరిపిన పనికి ఇక్కడ ఏ లాభమూ లేదని అప్పుడు అర్థమైంది. రాత్రి పదయింది, ఆపేశాం.

ఈ దశకు 4 గంటల 20 నిమిషాలు.
ఇప్పటిదాకా: 11 గంటల 5 నిమిషాలు, రూ. 580.

దశ 5: ఫోన్‌లో యాక్టివేషన్ (సెప్టెంబర్ 15)

యాక్టివేషన్ విజార్డులో ఇంటర్నెట్‌తో పాటు టెలిఫోన్ అనే దారి కూడా అప్పుడు ఉంది. దేశం ఎంచుకుంటే టోల్ ఫ్రీ నంబర్ అక్కడే చూపించింది. ఆ తెర మీద ఉన్న నంబర్‌కే చేశాం. నెట్‌లో వెతికి దొరికిన నంబర్లకు మాత్రం వద్దు, వాటిలో మోసగాళ్లవీ ఉంటాయి.

తెర మీద 63 అంకెల ఇన్‌స్టాలేషన్ ఐడీ వచ్చింది. 7 అంకెల చొప్పున 9 గుంపులు. నాన్నగారు చదువుతుంటే నేను ఫోన్‌లో నొక్కాను. ఆయన సర్వే నంబర్లు చదివినట్టు, ఒక్కో అంకె విడదీసి, గుంపు అయిపోగానే ఆగి చదివారు. మొదటి ప్రయత్నంలో 6వ గుంపులో నేనే ఒక అంకె రెండుసార్లు నొక్కాను, అది మళ్లీ అడిగింది. స్పీకర్‌లో పెట్టి, ఫోన్ టేబుల్ మీద ఆనించాక తప్పు జరగలేదు.

తర్వాత ఇది ఎన్ని కంప్యూటర్లలో ఉందని అడిగింది. పాతదాంట్లో నిజంగానే తీసేశాం కాబట్టి ఒకటి అని చెప్పగలిగాం. ఆ జవాబు నిజంగా ఉండాలనే పాతదాన్ని ముందే ఖాళీ చేయాలి. అప్పుడు 48 అంకెల కన్ఫర్మేషన్ ఐడీ చెప్పింది. 6 అంకెల చొప్పున 8 గుంపులు, తెర మీద ఏ నుంచి హెచ్ వరకు గళ్లు. నాన్నగారు కాగితం మీద రాసుకున్నాకే గళ్లలో నింపాం. వర్డ్ మూసి తెరిస్తే ప్రాడక్ట్ యాక్టివేటెడ్ అని ఉంది.

ఈ దశకు 50 నిమిషాలు.
ఇప్పటిదాకా: 11 గంటల 55 నిమిషాలు, రూ. 580.

దశ 6: "ఇది నా అక్షరం కాదురా" (సెప్టెంబర్ 20)

లైసెన్స్ పని అయిపోయిందనుకున్నాను. నాన్నగారు పాత క్రయ దస్తావేజు ఒకటి తెరిచి, చూడగానే ఆ మాట అన్నారు. మా ఫైళ్లన్నీ గౌతమి ఫాంట్‌లో ఉంటాయి. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు మొదటే రావు, మనం చేర్చుకోవాలి. అది లేక వర్డ్ నిర్మలా ఫాంట్‌లో చూపిస్తోంది. పాతదాంట్లో ఎప్పుడో ఎవరో చేర్చినట్టున్నారు.

చూడటానికి తేడా చిన్నదే, కాగితం మీద పెద్దది. మూడు ఫైళ్లు కొలిచాను. 4 పేజీలది 5 అయింది, 7 పేజీలది 8, 11 పేజీలది 13. ప్రతి పేజీ కింద సంతకాలు పడతాయి. ఆస్తి షెడ్యూలులో తూర్పు, దక్షిణం హద్దులు ఒక పేజీలో, పడమర, ఉత్తరం ఇంకో పేజీలో పడితే నాన్నగారు ఆ కాగితం బయటికి పంపరు.

1. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ వెతికి తెరవండి.
2. యాడ్ నొక్కి, తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వెతికి ఇన్‌స్టాల్ చేయండి.
3. వర్డ్ మూసి తెరవండి.

మళ్లీ కొలిస్తే 4, 7, 11. వరుసలు కూడా పాత ప్రింటుతో కలిశాయి.

ఆటోకరెక్ట్‌లో ఇంకో దెబ్బ తగిలింది. ఏసీఎల్ ఫైలు పెట్టాక 214లో 196 వచ్చాయి. మిగతా 18 బోల్డు, మధ్యకు జరపడం లాంటి ఫార్మాటింగ్‌తో సేవ్ చేసినవి. అవి నార్మల్ టెంప్లేటులో ఉంటాయి. ఆ టెంప్లేటు కూడా పెట్టాను, కానీ వర్డ్ తెరిచి ఉండగా పెట్టాను. వర్డ్ మూసేటప్పుడు తన ఖాళీ టెంప్లేటును దాని మీద రాసేసింది. పెన్ డ్రైవ్‌లో కాపీ ఉంది కాబట్టి బతికిపోయాం. వర్డ్, అవుట్‌లుక్ రెండూ మూసేసి మళ్లీ పెడితే 214 అయ్యాయి. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చేర్చడం రెండు నిమిషాల పని.

ఈ దశకు 2 గంటల 40 నిమిషాలు.
ఇప్పటిదాకా: 14 గంటల 35 నిమిషాలు, రూ. 580.

దశ 7: కదలని లైసెన్స్ ఉన్న రెండో కంప్యూటర్ (సెప్టెంబర్ 21)

దీంట్లోని 2016ను ఎక్కడికీ మార్చలేం, మా పనికి వాడటమూ సరికాదు. తీసేసి లిబ్రెఆఫీస్ వేశాను. దానికి లైసెన్స్ కొనక్కర్లేదు, వ్యాపార పనికి వాడొచ్చు. అవే మూడు ఫైళ్లు తెరిస్తే పేజీలు 4, 7, 12. మూడోదాంట్లో షెడ్యూలు పట్టిక కిందికి జరిగింది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం: రెండోదాంట్లో చిత్తు రాయడం, పాత దస్తావేజులు వెతకడం మాత్రమే. చివరి ప్రింటు కొత్తదాంట్లోంచే.

ఈ దశకు 1 గంట 25 నిమిషాలు.
మొత్తం: 16 గంటలు, రూ. 580.

ఈ 16 గంటల్లో ఖాతా వెతుకులాట, ట్రయల్‌తో కుస్తీ కలిపి సగం దాకా తినేశాయి. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ మన చేతిలో ఉండి, ట్రయల్ ముందే తీసేస్తే ఒక్క ఆదివారంలో అయ్యే పని.

కొత్త క్యాబినెట్ పక్కన ఇప్పుడు ఒక కాగితం అతికించి ఉంది. నాన్నగారి చేతిరాతలో ఖాతా మెయిల్ ఐడీ, కీ చివరి 5 అక్షరాలు, యాక్టివేట్ చేసిన తేదీ సెప్టెంబర్ 15, దాని కింద "డిసెంబర్ 14 వరకు మళ్లీ మార్చరాదు" అని ఉన్నాయి. పాస్‌వర్డ్ మాత్రం వేరే కాగితం మీద రాసి, కార్డుతో కలిపి బీరువాలో పెట్టారు. అప్పటికి మిగిలింది ఒక్కటే. అక్టోబర్ 14 సాయంత్రం రెండో కంప్యూటర్ నెట్ కేబుల్ పీకేయడం.